పిడికెడు బియ్యానికి లెక్క



ఈ స్మారకోపన్యాసం ఒక పల్లెటూరి ఉపదేశిగారి జ్ఞాపకార్థం ఆయన పిల్లలు జరిపిస్తున్నది. ఆయన బిషప్పు కాదు, పుస్తకాలు రాసినవారూ కాదు. పగలు బడి, పొద్దుగూకాక పాటలు, ఆదివారం ప్రసంగం. ఆయన జీతంలో కొంత రొక్కంగా కాక బియ్యంగా వచ్చేది. ఆ బియ్యం గురించే ఈరోజు మాట్లాడతాను.

మా అమ్మ చేటలో బియ్యం చెరిగి, కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి గోడవార ముంతలో వేసేది. ఇంట్లో నూకలే ఉంటే నూకలే వేసేది. ఆదివారం ఆ ముంత కొంగుచాటున గుడికి వెళ్లేది. ఇరవై ఇళ్ల బియ్యం, ముతకవీ సన్నవీ, కొత్తవీ పాతవీ, ఒకే గంపలో కలిసిపోయేవి. ఎవరివి ఎన్నో తెలిసేది కాదు. ఉపదేశిగారు ఆ గంప మీద చేయి ఉంచి ప్రార్థించేవారు. ఇది మా ఊరి ఆచారమనే చిన్నప్పుడు అనుకున్నాను. దాని వెనక ఒక మనిషి, ఒక వేదాంతం ఉన్నాయని చాలా ఏళ్లకు గాని తెలియలేదు.

ఆ మనిషి వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు. 1909లో ఆయన నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చారు. తిరునెల్వేలి జిల్లాలో ఒక పల్లె గురువుగారి కొడుకు. తెలుగు ఇక్కడికి వచ్చాక నేర్చుకున్నారు. ఆయనను పంపింది విలాయతు మిషను కాదు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత చందాలతో నిలబెట్టుకున్న మిషనరీ సంఘం పంపింది. ఈ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గాని, తరవాత ఆయన చేసిన ప్రతి పనికీ బీజం ఇక్కడే ఉంది.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ ఆయన తెల్లదొరల ముఖానే మాట్లాడారు. మీ త్యాగాలకు మేం రుణపడి ఉన్నాం, కానీ మీ బల్ల దగ్గర మాకు చోటు లేదు, మాకు కావలసింది మీ స్నేహం. ఇదీ ఆయన మాటల సారం. సభలో చాలామంది నొచ్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే.

ఎడిన్‌బరోలో దొరలను అడిగినదానికీ, డోర్నకల్ పల్లెల్లో మాల మాదిగ తల్లులను పిడికెడు బియ్యం అడిగినదానికీ మూలం ఒకటేనని నా నమ్మకం. ఎప్పుడూ పుచ్చుకునేవాడికి దాత దొరుకుతాడు, స్నేహితుడు దొరకడు. స్నేహం కుదరాలంటే రెండు వైపులా ఇచ్చే చేతులుండాలి. కూలిగింజలు తప్ప ఆదాయం లేని ఇంటిని కానుక అడగడం కఠినమని నాకూ ఒకప్పుడు అనిపించింది. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఊళ్లో ఆ ఇంటి తల్లి చేతి నీళ్లు ముట్టేవాళ్లు లేరు. అదే చేతి బియ్యం దేవుని బల్ల ముందుకు వెళ్లింది. ఆ బియ్యంతో వండిన అన్నం ఉపదేశిగారు తిన్నారు. ఊరంతా అంటు అన్న చేతిని గుడి పవిత్రమని ఒప్పుకుంది. వెయ్యి ప్రసంగాలు చెప్పలేనిది ఒక గంప చెప్పింది.

అజరయ్యగారి కాలంలో బాప్తిస్మం పొందినవాళ్లు తమ తలపై చేయి పెట్టుకుని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పలికేవారు. ఇదీ అదే కోవ. సంఘం దొరలది కాదు, గురువులది కాదు, నాది. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన డోర్నకల్ మహాదేవాలయాన్ని చూసినవాళ్లకు ఆ గుమ్మటాలు, మినార్లు, హిందూ దేవాలయ మంటపాల పోలికున్న స్తంభాలు గుర్తుంటాయి. విలాయతు చర్చికి నకలు కట్టడం ఆయనకు ఇష్టం లేదు. 1945 జనవరి 1న ఆయన కన్నుమూశారు. జీవితమంతా కోరిన సంఘాల ఐక్యత, దక్షిణ ఇండియా సంఘం, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది. చూడటానికి ఆయన లేరు.

మరి ఇప్పుడు మనం ఎక్కడున్నాం?

ఇప్పుడు కానుక ఫోనులోంచి వెళ్తోంది. అందులో తప్పు లేదు. తప్పు ఇంకోచోట ఉంది. విత్తనం కానుక వేయండి, నూరంతలు పండుతుంది, వీసా వస్తుంది, అప్పు తీరుతుంది అని వేదికల మీద చెబుతున్నారు. అక్కడ కానుక అర్పణ కాదు, వడ్డీకిచ్చిన సొమ్ము. పిడికెడు బియ్యం వేసిన తల్లి బదులు ఏమీ అడగలేదు, అందుకే ఆమె సంఘానికి యజమాని అయింది. ఈనాటి దాత బదులు ఆశిస్తున్నాడు, అందుకే అతను గిరాకీ అయ్యాడు.

ఇలాంటి వేదికల మీద తరచూ వినిపించేది బీద విధవరాలి కథ, మార్కు సువార్త పన్నెండో అధ్యాయం. ఆమె వేసిన రెండు కాసుల దగ్గరే ప్రసంగం ఆగిపోతుంది. దయచేసి ఇంటికి వెళ్లి దాని ముందు వచనాలు, తరవాతి వచనాలు చదవండి. ముందు, విధవల ఇళ్లు మింగేస్తూ దీర్ఘ ప్రార్థనలు చేసే శాస్త్రుల గురించి యేసు హెచ్చరించాడు. తరవాత, ఆ కాసులు పడిన దేవాలయమే రాయి మీద రాయి నిలవకుండా కూలుతుందన్నాడు. ఆమె త్యాగాన్ని మెచ్చినవాడే ఆమె సొమ్ము తీసుకున్నవాళ్లకు తీర్పు చెప్పాడు. మధ్య ముక్క ఒక్కటే చదివి రెండు వైపులా వదిలేయడం వాక్యానికి చేసిన ద్రోహమని నేనంటాను.

పౌలు సంగతి చూడండి. యెరూషలేము పేదల కోసం చందా వసూలు చేశాడు. ఆ డబ్బు ఒంటరిగా మోయలేదు. సంఘాలు ఎన్నుకున్న సహోదరుణ్ణి వెంటబెట్టుకున్నాడు. దేవుని ఎదుటే కాదు, మనుషుల ఎదుట కూడా నింద రాకూడదన్నది ఆయన జాగ్రత్త. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయంలో ఉంది. లెక్క చెప్పడం సర్కారు నిబంధన కాకముందే అపొస్తలుని క్రమం.

మన సంఘాల్లో ఏం జరుగుతోందో మీకు తెలుసు. ఆస్తుల తగాదాలు కోర్టుల్లో ఏళ్ల తరబడి నలుగుతున్నాయి. కమిటీ ఎన్నికలకు ఖర్చు పెట్టేవాళ్లున్నారు. నేను సభ్యుడిగా ఉన్న ఒక సంఘంలో మూడేళ్ల జమాఖర్చులు అడిగినందుకు నన్ను విశ్వాసంలో బలహీనుడన్నారు. ఆ మాట ఇప్పటికీ నొప్పిగానే ఉంది. సంఘం పేరు చెప్పను, అది ఒక్కచోటి జబ్బు కాదు.

ఇంకో లెక్క ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే షెడ్యూల్డు కులాల జాబితాలో ఉండడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచారు. క్రైస్తవులకూ ముస్లింలకూ తెరవలేదు. ఆ మార్పు చేయమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో చెప్పింది, అది అమలు కాలేదు. క్రైస్తవులైన ఎస్సీలకు మన తెలుగు నేల మీద మిగిలింది బీసీ-సి. అందుకే ఆ బియ్యం వేసిన తల్లి మనవరాలికి ధ్రువపత్రంలో ఒక మతం, గుడి రిజిస్టరులో ఇంకో మతం. ఆమెను అబద్ధికురాలని నేను అనలేను. కడుపు ఒకవైపు, దేవుడు ఒకవైపు అని ఆమెను నిలబెట్టింది చట్టం. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన కులం ఆమెను వదల్లేదు. పెళ్లి సంబంధాల దగ్గర, పదవుల దగ్గర, కొన్నిచోట్ల సమాధుల దగ్గర కూడా మన గుళ్లే ఆమెకు కులాన్ని గుర్తు చేస్తున్నాయి. రాజ్యం ఆమెను లెక్కలోకి తీసుకోదు. గుడి కూడా ఆమెకు లెక్క చెప్పకపోతే ఆమె ఎక్కడికి పోవాలి?

గురువులను, సంఘ పెద్దలను, కమిటీలవారిని అడుగుతున్నాను. రాబోయే కోత పండుగనాడు, కోళ్లూ గుమ్మడికాయలూ వేలం వేశాక, దీవెనకు ముందు, ఆ ఏటి జమాఖర్చులు తెలుగులో పైకి చదవండి. వచ్చిన ప్రతి రూపాయి, పోయిన ప్రతి రూపాయి, ఉపదేశులకు బాకీపడిన జీతాలతో సహా చదవండి. చదివేటప్పుడు, బియ్యం తెచ్చిన తల్లులను ముందు వరుసలో కూర్చోబెట్టండి. వాళ్లు అడిగే ప్రశ్నలకు అక్కడే జవాబు చెప్పండి.