కోరంటి దవాఖానా నుంచి ట్యాంకు మూత దాకా

హైదరాబాద్‌లో నారాయణగూడ దాటి నల్లకుంట వెళితే ఫీవర్ ఆసుపత్రి వస్తుంది. పాతకాలం వాళ్లకది కోరంటి దవాఖానా. దాని అసలు పేరులో సర్ రోనాల్డ్ రాస్ ఉన్నాడన్న సంగతి ఆటోవాలాలకే కాదు, మనలో చాలామందికీ తెలియదు.

1897 ఆగస్టు 20న ఈ రాస్ దొర బేగంపేటలో ఒక దోమ పొట్ట కోసి, మలేరియా క్రిమిని చూశాడు. దోమల్ని తనను కుట్టనిచ్చిన రోగి హుస్సేన్ ఖాన్‌కు ముట్టింది దోమకో అణా. దొరకు 1902లో నోబెల్ వచ్చింది.

ఇన్నేళ్లయినా, 2023లో ప్రపంచంలో మలేరియాతో పోయినవాళ్లు దాదాపు 5,97,000 మంది. ఎక్కువమంది ఆఫ్రికా పసిపిల్లలే. ఇప్పుడు రెండు టీకాలొచ్చాయి. ఒకటి పుణెలో తయారవుతోంది. రెండోదాని తయారీ పరిజ్ఞానం మన భారత్ బయోటెక్ చేతికొచ్చింది.

దోమ మాత్రం ఊరుకుంటుందా? మందులకు మొండికేస్తోంది. పైగా మన పట్నాల్లో పెరిగే మలేరియా దోమ అనాఫిలిస్ స్టీఫెన్సై ఆఫ్రికా నగరాలకూ పాకింది. దానికి మురుగు అక్కర్లేదు, మంచినీళ్లే కావాలి. అశోక్‌నగర్ హాస్టళ్ల మీద, చిక్కడపల్లి మేడల మీద మూతల్లేని ట్యాంకులున్నాయి కదా, అవి చాలు. ఓసారి టార్చి వేసి చూడండి. నీళ్లలో దోమ పురుగు తలకిందులుగా వేలాడుతుంటే మామూలు దోమది. నీటిమీద పుల్లలా అడ్డంగా పడుకుంటే మలేరియా దోమది. గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా పది రోజులు కూడా పట్టకపోవచ్చు.