కలప ఎగుమతికి తగిన సాధనములు

(గిలకలదిండిలో పరిసర గ్రామ పంచాయతీల సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగము)



కాలువ నీరు, పాఠశాల, మంచినీటి చెరువు, రోడ్డు మరమ్మతు - వీనినిగూర్చి మీ సమావేశములలో తరచుగా చర్చ జరుగుచుండును. నేడు నేను ప్రస్తావింపబూనిన విషయము అంతగా చర్చకు వచ్చునది కాదు. కలప దుంగలను రైలు వ్యాగనులమీదికిని, లారీలమీదికిని ఎక్కించుట యెట్లు? అందుకు ఏ సాధనములు కావలెను? బండిమీదికి సరకు చేర్చుటను మన ముఠావారు ఎగుమతి యందురు. నేనును ఆ మాటనే వాడెదను.

ఇది వర్తకుల వ్యవహారము గదా, పంచాయతీకి దీనితో నిమిత్తమేమి యని మీకు తోచవచ్చును. దుంగ జారిననాడు కాలు విరుగునది మన గ్రామస్థునిదే. ఆ దుంగ పంచాయతీ వేలము వేసిన చెట్టుదే కావచ్చును. అతడు మంచమెక్కిన పిదప ఆ కుటుంబము ఆదుకొమ్మని వచ్చునది మీ గుమ్మమునకే. కనుక ఇది ముందుగా ఆలోచింపవలసినవారు మీరే.

కలపకును ఈ తీరమునకును సంబంధము నేటిది కాదు. 17వ శతాబ్దమున బందరు ప్రఖ్యాతమైన రేవు. 1611లో ఆంగ్లేయ వర్తకుల ఓడ ఇచ్చటికి వచ్చినది. ఆ శతాబ్దముననే గోదావరి ముఖమునగల నరసాపురమునందు ఓడలు కట్టుచుండిరి. అందులకు కావలసిన టేకు మ్రానులు ఎగువ అడవులనుండి నదిమీదనే దిగివచ్చెడివి. తరువాతి కాలమున భద్రాచలమునకు ఎగువనున్న అడవుల కలప, వెదురు తెప్పలుగా కట్టబడి రాజమహేంద్రవరమునకు చేరి, అచ్చటినుండి దేశము నలుమూలలకు పోయెడిది. 1908లో బెజవాడనుండి బందరునకు రైలుమార్గము ఏర్పడినది.

నీటిమీద తేలివచ్చు దుంగ మనుష్యునికి భారము కాదు. నీటినుండి ఒడ్డునకు, ఒడ్డునుండి బండిమీదికి ఎక్కవలసివచ్చినప్పుడే దాని బరువు తెలియును. ప్రయాణమంతటిలోను కష్టమైనది ఆ నాలుగడుగుల ఎత్తే. వ్యాగను అడుగుబల్ల నేలకు సుమారు 4 అడుగుల ఎత్తున ఉండును. లారీ తొట్టి అడుగును ఇంచుమించు అంతే. నేడు మన ప్రాంతపు కలప ఎక్కువగా లారీలమీదనే పోవుచున్నను, చిక్కు మాత్రము ఒక్కటే.

ఆ చిక్కు ఎంతటిదో లెక్కవేసి చూతము. 12 అడుగుల పొడవు, అడుగున్నర అడ్డుకొలతగల టేకు దుంగ ఎండినదైనను సుమారు 400 కిలోలు తూగును. పచ్చి తుమ్మ, పచ్చి సరుగుడు అంతకంటె బరువు. ఎనిమిదిమంది భుజముమీద ఎత్తిరనుకొనుడు. తలకు 50 కిలోలు వచ్చును. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసు ప్రకారము వయస్సు వచ్చిన పురుషుడు మోయదగిన గరిష్ఠ భారము 55 కిలోలు. లెక్క సరిపోయినట్లే కన్పించును. కాని దుంగ పైకి లేచునప్పుడు అందరి భుజములు ఒకే ఎత్తున ఉండవు. పొట్టివాని భుజమునకు దుంగ తగలదు. పొడుగువానిమీద రెట్టింపు పడును. ఒకని కాలు జారెనా, అతని వంతు భారము తక్కినవారిమీద ఒక్క క్షణములో పడును. ప్రమాదము జరుగునది అప్పుడే.

దీనికి ప్రథమోపాయము ఏటవాలు. 12 అడుగుల పొడవుగల గట్టి దూలములను రెండింటిని తెచ్చి, ఒక కొనను వ్యాగను అంచునకు కొక్కెములతో తగిలించి, రెండవ కొనను నేలమీద ఆనింపవలెను. 12 అడుగుల వాలుమీద 4 అడుగుల ఎత్తు ఎక్కుచున్నాము గనుక, 400 కిలోల దుంగను దొర్లించుటకు కావలసిన బలము మూడవవంతు, అనగా సుమారు 133 కిలోలు మాత్రమే.

రెండవ ఉపాయము మోకు. మోకు ఒక కొనను వ్యాగనుకు బిగించి, దానిని దుంగ క్రిందుగా పోనిచ్చి, మరల దుంగమీదుగా పైకి తెచ్చి, ఆ కొనను వ్యాగను ఆవలి ప్రక్కనుండి లాగవలెను. దుంగ మోకులో ఇమిడి, గిలకవలె తిరుగుచు పైకి వచ్చును. ఇందువలన బలము మరల సగమై 67 కిలోలు చాలును. రాపిడిక్రింద కొంత అధికముగా వేసికొని 100 కిలోలనుకొన్నను, రెండు మోకులు పట్టిన నలుగురికి తలకు 25 కిలోలు. ఎనిమిదిమంది ప్రాణములు ఉగ్గబట్టుకొని చేయు పనిని నలుగురు నిలుకడగా చేయగలరు. అంతకంటె ముఖ్యమైనది, వారు దుంగక్రింద ఉండరు. దుంగకు ఆవలి ప్రక్కను, ఎత్తున ఉందురు.

మూడవది గిలక. మీ యూరి పేరులోనే గిలక యున్నది. అది పేరునకే కాక పనికిని రావలెనని నా కోరిక. పైన కట్టిన ఒంటి గిలక లాగు దిక్కును మార్చునే గాని బరువును తగ్గింపదు. బరువుతోకూడ కదలు గిలక ఒకటి చేరిన బలము సగమగును. పైన రెండు, క్రింద రెండు గిలకలుగల కప్పీకి నాలుగవవంతు చాలును. అయితే ఎంత బలము తగ్గినదో అంత మోకు అధికముగా లాగవలసియుండును. ప్రకృతిలో ఏదియు ఉచితముగా రాదు. మూడు గట్టి వాసములను పైన కలిపి కట్టి, నడుమ గొలుసు కప్పీని వ్రేలాడదీసినచో దుంగను నిలువునకు ఎత్తవచ్చును. గొలుసు కప్పీలో మరియొక సుగుణము కలదు: చేయి వదలినను బరువు క్రిందికి జారదు.

వీనితోపాటు దుంగను దొర్లించుటకు కొక్కెము బిగించిన పొడవైన కర్రలు రెండు, గునపములు, దుంగ వెనుకకు దొర్లకుండ అడ్డుపెట్టుటకు కొయ్య చీలికలు ఉండవలెను. పడవను ఒడ్డునకు లాగునప్పుడు క్రింద గుండ్రని కొయ్యలు పరచు జాలరి సోదరులకు ఈ సూత్రములేవియు క్రొత్తవి కావు.

ఇవి పేదవారి ఉపాయములు, గొప్ప దేశములలో మహాయంత్రములుండునని ఎవరైన అనవచ్చును. అమెరికాలోని ఉత్తరపు అడవులలో మొదట గుఱ్ఱములచేత గొలుసులు లాగించి, ఇప్పుడు నేను చెప్పిన విధముననే దుంగలను బండ్లమీదికి దొర్లించెడివారు. పిదప ఆవిరి యంత్రములు వచ్చినవి. బార్న్‌హార్ట్ అను ఎగుమతి యంత్రము కలప బండ్లమీదనే వేసిన పట్టాలపై నడచుచు, ఒక బండి నింపి తరువాతి బండిమీదికి పోయెడిది. డులూత్ పట్టణపు కర్మాగారములో తయారైన మెక్‌గిఫర్ట్ యంత్రము రైలుపట్టాల కిరువైపుల కాళ్లూని నిలువగా, ఖాళీ బండ్లు దాని కాళ్ల నడుమనుండి వచ్చెడివి. వానిలోనైనను ఉన్నవేమి? ఒక చేయి, ఒక మోకు, ఒక గిలక. ఆవిరి చేసినది లాగుట మాత్రమే.

మన దేశముననే చూడుడు. కేరళలోని నిలంబూరున 1840 తరువాత టేకు తోటలు వేసిరి. 1927లో అచ్చటికి రైలు వచ్చినది. ఆ ప్రాంతమున దుంగలనెత్తుట ఏనుగుల పని. బర్మాలోని కలప అడితులలోను అంతే. మనకు ఏనుగులు లేవు. కాని అదే రాష్ట్రమున పరంబికుళం అడవులనుండి చాలకుడికి 1907లో వేసిన అటవీ ట్రాము మార్గమును గమనింపుడు. కొండవాలులో కలపతో దిగు బండిని మోకుతో ఖాళీ బండికి ముడివేసిరి. దిగునది ఎక్కుదానిని లాగెడిది. 1963 వరకు ఆ మార్గము నడచినది. బరువును శత్రువుగా కాక పనివానిగా చేసికొనుట అనగా ఇదియే.

ఇక జాగ్రత్తలు. సాధనమున్నను క్రమము లేనిచో అది మరియొక అపాయమగును.

మొదటిది, బండి చక్రములకు చీలికలు వేసి, అది కదలకుండ చేసిన పిమ్మటనే పని ప్రారంభింపవలెను. రెండవది, దుంగ దొర్లి క్రిందికి వచ్చు దారిలో ఎవరును నిలువరాదు. చీలిక పెట్టువాడును ప్రక్కనుండియే పెట్టవలెను. మూడవది, మేస్త్రీ ఒక్కడే ఆజ్ఞ ఇయ్యవలెను. ఆగుమను మాట మాత్రము ఎవ్వరు పలికినను అందరు ఆగవలెను. నాలుగవది, మోకు తెగు బరువులో అయిదవవంతుకంటె అధికముగా దానిమీద వేయరాదు. ఉప్పుగాలి, తడి తగిలిన పీచు మోకు పైకి బాగున్నట్లే కన్పించి లోపల చివికియుండును. పురులు విడదీసి లోపల చూడవలెను. అయిదవది, దుంగను రెండు పాయల మోకుతో ఎత్తునప్పుడు పాయలను మిక్కిలి ఎడముగా కట్టరాదు. పాయల నడుమ కోణము 120 డిగ్రీలైనచో ఒక్కొక్క పాయమీద దుంగ పూర్తి బరువు పడును. ఆరవది, లావు దుంగలు అడుగున వేసి, ప్రక్కలనున్న నిలువు కమ్ములను సరిచూచి, గొలుసుతో బిగింపవలెను.

ఏడవది అన్నిటికంటె ముఖ్యమైనది. బందరు రైలుమార్గముమీద ఇప్పుడు విద్యుత్తు తీగలున్నవి. వానిలో 25,000 వోల్టుల విద్యుత్తు ప్రవహించుచుండును. ఆ తీగను తాకనక్కరలేదు. మిక్కిలి సమీపించినను ప్రాణము పోవును. తీగకు 2 మీటర్ల లోపల మనిషిగాని, వాసముగాని, తడిసిన మోకుగాని పోరాదు. కనుక తీగల క్రింద మూడు వాసముల చట్రము నిలుపుటగాని, వ్యాగనులోని దుంగలమీద నిలిచి గడకర్ర ఎత్తుటగాని ఎన్నటికిని పనికిరాదు. రైల్వేవారు విద్యుత్తు నిలిపి, అనుమతి ఇచ్చిన తావుననే ఎగుమతి జరుగవలెను.

మీలో కొందరి మనస్సులో ఒక ప్రశ్న ఉండక మానదు. నలుగురే పనిచేయగలిగిన, తక్కిన నలుగురి కూడు పోవునా? ఇది న్యాయమైన ప్రశ్న. క్రేను వచ్చినచోట ముఠా తగ్గుననుట సత్యమే; దానిని దాచి ప్రయోజనము లేదు. కాని నేను చెప్పిన చేతి సాధనములు ముఠావారివే కావలెను, ముఠావారిచేతనే నడువవలెను. కూలి బరువునుబట్టి గాని, బండినిబట్టి గాని ఇచ్చునది గనుక, నలుగురు చొప్పున రెండు బండ్లు ఒకేసారి నింపవచ్చును. సాధనము వచ్చినదను నెపముతో రేటు తగ్గింపకుండ చూచుట మీ బాధ్యత. ముఠా, జట్టు, హమాలీ పనివారి సంక్షేమమునకై మన రాష్ట్రమున 1976లోనే ప్రత్యేక చట్టము చేయబడినది. పనిలో దెబ్బతిన్నవానికి నష్టపరిహారమను సూత్రము 1923నుండి దేశమున కలదు. అయితే ముఠాలోనివారి పేర్లు ఒక పుస్తకములోనైన లేనిచో, ఏ చట్టమును వారి యింటి దారి కనుగొనలేదు.

ఇంకొక మాట. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనను ఈ సీమలో ఎవరును మరువలేదు. గాలివాన వెలసిన మరునాడు మొదటి పని దారికడ్డముగా పడిన మ్రానులను తొలగించుట. అంబులెన్సు రావలెనన్నను, బియ్యము రావలెనన్నను ఆ దుంగ కదలవలెను. క్రేను ఎప్పుడు వచ్చునో చెప్పలేము. ఆ దారి తెరచినగాని అదియును రాలేదు. ఆనాడు పంచాయతీ గదిలో రెండు మోకులు, ఒక గొలుసు కప్పీ, నాలుగు గునపములు సిద్ధముగా ఉండుట ఎంత మేలో మీరే యోచింపుడు.

కావున నాలుగు పనులు చేయుడని మిమ్ము కోరుచున్నాను. నాలుగైదు పంచాయతీలు కలిసి ఒక సాధనముల జతను సమకూర్చుకొనుడు: వాలు దూలములు రెండు, మోకులు రెండు, ఒక టన్ను ఎత్తగల గొలుసు కప్పీ ఒకటి, కొక్కెపు కర్రలు, చీలికలు. వానిని స్వల్పమైన అద్దెకిచ్చి, ఆ సొమ్ముతో మోకులు మార్చుచుండుడు. చెట్లు వేలము వేయునప్పుడు, భుజముపై దుంగ నెత్తింపరాదనియు, సాధనములు వాడవలెననియు షరతుగా వ్రాయుడు. నెలకొకసారి ఒక సభ్యుడు, ఒక మేస్త్రీ కలిసి సాధనములను పరీక్షించి పుస్తకములో సంతకము చేయుదురు గాక. చివరగా, ముఠావారి పేర్లను మీ కార్యాలయమున నమోదు చేయించుడు.

2023 మే నెలలో బందరు క్రొత్త రేవు నిర్మాణము ఆరంభమైనది. రేవు వచ్చిన పెద్ద క్రేనులు వచ్చును. వానిని నడుపువారు ఎచ్చటివారు కావలెను? నేడు గొలుసు కప్పీని జాగ్రత్తగా వాడ నేర్చిన మన యువకుడు రేపు క్రేను మీద కూర్చుండగలడు. నేడు నడుము విరిగి మంచమెక్కినవాడు రేవు వచ్చుటను మంచముమీదనుండియే చూచును.

ఈ సాధనములలో ఏదియు మన వడ్రంగి, కమ్మరి, జాలరి ఎరుగనిది కాదు. లేనిది ఏర్పాటు ఒక్కటే. ఆ ఏర్పాటు మీ తీర్మానముతో కాగలదు. వచ్చే సమావేశపు కార్యక్రమములో ఈ విషయమును చేర్చుడని ప్రార్థించుచున్నాను.