పసిబిడ్డల ఎఱ్ఱమచ్చలు
(రహమత్ నగర్‌లో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ పేటకు చేరువనే సినిమావారి ఫిలింనగర్ కలదు. ముఖముమీది మచ్చను రంగుపూసి కప్పుట అచ్చట నిత్యకృత్యము. పసిబిడ్డ ముఖమున పెరుగుచున్న రక్తనాళపు గడ్డకు ఆ విద్య పనికిరాదు. దీనిని గ్రహణ దోషమనుకొని ఊరకుండువారు కలరు. వాతలు పెట్టువారును కలరు. వాత పుండై చీము పట్టును, గడ్డ మాత్రము పోదు.

పుట్టిన కొన్ని వారములలో చిన్న ఎఱ్ఱచుక్కగా కనిపించి త్వరత్వరగా ఉబ్బుదానిని డాక్టర్లు హెమాంజియోమా అందురు. నూఱుమంది శిశువులలో ఇంచుమించు నలుగురైదుగురికి వచ్చును. ఆడపిల్లలకును, నెలలు నిండక పుట్టినవారికిని అధికము. మొదటి ఐదు నెలలలోనే దీని పెరుగుదల చాలవఱకు ముగియును. పిదప ఏండ్ల తరబడి మెల్లగా తగ్గును. కనుక "అదే పోతుంది" అను పెద్దల మాట పెక్కుమంది విషయమున నిజమే. కాని కనుఱెప్పపై నున్నచో ఆ కంటికి చూపు అలవడదు. పెదవిపై పుండైనచో బిడ్డ పాలు త్రాగలేదు. గడ్డము చుట్టును వ్యాపించినచో ఊపిరికి అడ్డు రావచ్చును. ఇట్టి బిడ్డను నెల నిండునాటికే డాక్టరు చూడవలెను.

ఇక ఇంజక్షను మాట. పూర్వము గడ్డలోనికి స్టెరాయిడు మందును సూదితో ఎక్కించుట వాడుక. 2008లో ఫ్రాన్సు దేశపు బోర్డో నగర వైద్యులు ఒక బిడ్డకు గుండె జబ్బుకై ప్రొప్రనొలాల్ ఈయగా గడ్డయే తగ్గెనని ప్రకటించిరి. నాటినుండి నోటిమందు ముందు వరుసకు వచ్చినది. పాలు త్రాగించిన పిదపనే దానిని ఈయవలెను. బిడ్డ పాలు త్రాగనిచో, వాంతులగుచున్నచో మందు ఆపి డాక్టరుకు చెప్పవలెను. లేనిచో రక్తములో చక్కెర పడిపోవచ్చును. ఇంజక్షను నేడు ఒక్కచోటనే యున్న చిన్న దళసరి గడ్డలకు మిగిలినది. కంటి దగ్గర అది అపాయకరము.

ఏడ్చినపుడు ఉబ్బు నీలిరంగు మెత్తని గడ్డ వేఱు. అది సిరల లోపము, తనంత తాను పోదు. దానికి స్కానింగులో చూచుచు, సిరలు మూసుకొనునట్లు పలుమార్లు మందు ఎక్కింతురు. పుట్టుకతోనే చదునుగా నుండు ముదురెఱుపు మచ్చకు ఇంజక్షను కాదు, లేజరు.

రహమత్ నగర్ తల్లి 1953లో స్థాపింపబడిన నిలోఫర్ పిల్లల ఆసుపత్రికి ఒక పూటలో పోయి రాగలదు. మీ గ్రామపు తల్లికి ఆనాటి కూలి పోవును, బస్సు ఖర్చగును, తోడు దొరకదు, వాయిదా వేయును. ఆ వారములలోనే గడ్డ పెరుగును. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో బాలింత యింటికి వచ్చును గదా. మచ్చ కనిపించిననాడే కొలత వ్రాసి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరుకు చూపునట్లు ఆమెతో మాట్లాడుడు. తోడు పోవు మనిషిని మీరే కుదుర్చుడు.