ఇల్లు మారుతున్నరా? కోళ్లను ఎట్ల తీసుకపోవాలె

ఈ ఎపిసోడ్‌ల మాట్లాడేది ఫారం కోళ్ల గురించి కాదు. ఇంటి వెనకాల పెంచుకునే నాలుగైదు కోళ్ల గురించి. ట్రాన్స్‌ఫర్ అయ్యి ఊరు మారేటోళ్లు చాలామంది ఇదే అడుగుతరు. మొన్న ఒక టీచరక్క ఫోన్ చేసింది. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌కు పోతున్నరు. మూడు వనరాజా పెట్టలు, ఒక పుంజు ఉన్నయి. "ఇంట్ల పెద్దోళ్లు కోసుకోండి, అక్కడికి పోయినంక వేరేవి కొనుక్కోండి అంటున్నరు. మా చిన్నది అన్నం ముడుతలేదు" అన్నది. పెద్దోళ్లది తప్పని నేననను, ఊర్లల్ల కోడంటే కోడే. కానీ పేరు పెట్టి పిలిచిన కోడిని ఆ పిల్ల తినదు గదా. అందుకే వివరంగా చెప్త.

మొదట అందరూ అడిగేది బస్సు. బస్సుల కోడి అంటే మన కరీంనగర్‌కు పెద్ద చరిత్రే ఉన్నది. 2022 ఫిబ్రవరిలో గోదావరిఖని డిపో బస్సులో ఒకాయన పుంజును గుడ్డల చుట్టి కరీంనగర్‌కు తెస్తుంటే కండక్టర్ చూసి దానికి 30 రూపాయల టికెట్ కొట్టిండు. టికెట్ ఇచ్చిండంటే ఎక్కించుకోవచ్చనే గదా అని చాలామంది అనుకున్నరు. కాదు. జీవాలను బస్సుల ఎక్కించుకునే రూల్ లేదని తర్వాత అధికారులే చెప్పిన్రు. 2024 జనవరిలో ఇంకో ముచ్చట. వరంగల్ నుంచి వేములవాడ పోయే బస్సులో ఎవరో సంచిల పుంజును మర్చిపోయిన్రు. కరీంనగర్ రెండో డిపోల దాన్ని జాలీల పెట్టి, మేత పెట్టి, ఎవరూ రాకపోయేసరికి వేలం నోటీసు వేసిన్రు. దేశమంతా నవ్వుకున్నది. తర్వాత ఒకాయన వీడియోల ఆ పుంజు నాదే అన్నడు. మనం నవ్వుకున్నం గానీ, సంచిల ఉన్న ఆ పుంజు సంగతి ఆలోచించండి. జనవరి కాబట్టి బతికింది. అదే మే నెలయితే మాట వేరే ఉండు.

రైలు సంగతి ఒక్క మాటల చెప్త. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌కు నేరుగా రైలు దారి లేదు, ముద్‌ఖేడ్, కిన్వట్ మీద నుంచి చుట్టూ తిరిగి పోవాలె. కాబట్టి మిగిలింది సొంత కారు, లేకపోతే ట్రాలీ ఆటో.

ఇప్పుడు అసలు విషయం, ఎండ. కోడికి చెమట పట్టదు. దాని ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల దగ్గర ఉంటది. వేడి ఎక్కువైతే నోరు తెరిచి రొప్పుతది, రెక్కలు ఒంటికి దూరంగా పెడతది. దానికి తెలిసిన ఉపాయం అదొక్కటే. బయట గాలే 42, 43 ఉంటే రొప్పి కూడా లాభం లేదు. మన దేశంల జంతువుల రవాణా నియమాలు 1978 నుంచి ఉన్నయి. 2001ల సవరణ చేసి కోళ్ల కోసం ఒక అధ్యాయం కలిపిన్రు. వేడి 25 డిగ్రీలు దాటితే గానీ, 15 కంటే తగ్గితే గానీ కోళ్లను తరలించొద్దని అందులో ఉన్నది. ఎండ, వాన, ఎదురుగాలి తగలొద్దు. వేడి రోజుల్ల ఆరు గంటలకోసారి నీళ్లు పెట్టాలె. పుంజును, పెట్టలను ఒకే పెట్టెల పెట్టొద్దు. ఇది చదివితే మనకు నవ్వొస్తది, ఏడుపూ వస్తది. ఎండకాలంల కరీంనగర్‌ల అర్ధరాత్రి కూడా 25 దాటే ఉంటది. డిసెంబర్‌ల ఆదిలాబాద్‌ల తెల్లారుజామున 15 కంటే చాలా కిందికి పోతది. మన దగ్గర ఆ లెక్క పూర్తిగా కుదిరే రోజులు తక్కువే. అయినా దారి అదే చూపిస్తుంది.

అందుకని ఆ అక్కకు నేను చెప్పింది ఇది. మే నెలల సామానుతో పాటు కోళ్లను కదిలించకండి. సామాను ముందు పోనీయండి. కోళ్లను ఇక్కడ చుట్టాల ఇంట్ల పెట్టి, రెండు మంచి వానలు పడ్డంక వచ్చి తీసుకపోండి. ఇంకోసారి తిరగాల్సి వస్తది, డీజిల్ ఖర్చు అయితది, నిజమే. కోడి దక్కుతది.

అట్ల కాదు, ఇప్పుడే పోవాలె అంటే రాత్రి పోండి. పొద్దుగూకినంక కోడికి కండ్లు సరిగా ఆనవు, గూట్ల నుంచి రెండు చేతులతో, రెక్కలు ఒంటికి అదిమి పట్టుకుని తీస్తే అరవదు కూడా. అంగడిల తీసుకపోయినట్టు కాళ్లు కట్టి తలకిందులు వేలాడదీయడం మాత్రం వద్దు. దానికి ఊపిరి సరిగా ఆడదు, కాళ్ల కీళ్లు పట్టుకుంటయి.

పెట్టె కోసం వెయ్యి రూపాయలు పెట్టాల్సిన పని లేదు. కూరగాయల మార్కెట్‌ల ఉండే టమాట క్రేట్లు రెండు తెచ్చి, ఒకటి బోర్లించి మీద పెట్టి, నాలుగు మూలల తీగతో కట్టండి. అన్ని దిక్కుల గాలి ఆడుతది. అడుగున ఊక గానీ, గడ్డి గానీ వేయండి. జారుడు ప్లాస్టిక్ మీద నిలబడితే కాళ్లు చీలిపోయినట్టు అయితయి. ఒక జతల రెండు పెట్టలు చాలు. పెద్ద పెట్టెల తక్కువ కోళ్లు ఉంటే సుఖమనుకుంటరు గానీ, నిర్మల్ దాటినంక మహబూబ్ ఘాట్ మలుపులల్ల అవి ఈ మూల నుంచి ఆ మూలకు పడతయి. పుంజుకు వేరే పెట్టె.

బయలుదేరే ముందు కడుపు నిండా జొన్నలు పెట్టకండి. మేతసంచి బరువుగా ఉంటే దారిల కక్కుతయి. నీళ్లు మాత్రం ఎక్కేదాకా ఉంచండి. ఊగే బండిల గిన్నె నిలవదు, అందుకే దోసకాయ ముక్కలో, పుచ్చకాయ ముక్కలో వేయండి. జగిత్యాల దాటినంక ఒకసారి, నిర్మల్‌ల ఒకసారి ఆపి గిన్నెల నీళ్లు పెట్టండి. కారైతే వెనక సీటు మీద పెట్టాలె. డిక్కీల అసలే వద్దు. ఏసీ వేయొచ్చు, గాలి నేరుగా తగలకుండా చూసుకోండి. డీసీఎంల సామాను మీద, టార్పాలిన్ కింద పెట్టినరా, ఇంక దేవుడే దిక్కు.

పొదిగే పెట్ట ఉంటే పిల్లలు దిగేదాకా ఆగండి. కదిలిస్తే పెట్ట గుడ్ల మీద మళ్లీ కూర్చోదు చాలాసార్లు.

కొక్కెర తెగులు టీకా పోయే రోజు వేయించకండి. కనీసం రెండు వారాల ముందే మీ పశువుల డాక్టర్ దగ్గర వేయించుకోండి. పోయినంక కొత్త ఇంటి పక్కోళ్ల కోళ్లల్ల వెంటనే కలపొద్దు, రెండు మూడు వారాలు వేరేగా ఉంచండి. మొదటి వారం గూట్లనే మూసి ఉంచితే ఇదే మన ఇల్లని వాటికి తెలుస్తది. వదిలేస్తే సాయంత్రం ఎక్కడో చెట్టెక్కి కూర్చుంటయి, కుక్కల పాలైతయి. కొన్ని రోజులు గుడ్లు పెట్టవు. అది రోగం కాదు, మందులు పోయకండి.

ఆదిలాబాద్ దాటి మహారాష్ట్రకు పోయేటోళ్లకు ఇంకో మాట. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రాల బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మన సరిహద్దుల చెక్‌పోస్టులు పెట్టి కోళ్ల బండ్లను వెనక్కి పంపిన్రు. అసుంటి సమయంల మీవి ముద్దుగా పెంచుకునే కోళ్లా, అమ్మే కోళ్లా అని ఎవరూ అడగరు. అందుకే పోయే వారంల పశువైద్యశాలకు ఒకసారి పోయి దారి తెరిచే ఉన్నదా అని అడిగి, కోళ్లు ఆరోగ్యంగా ఉన్నయని కాగితం రాయించుకోండి.

వచ్చే ఎపిసోడ్‌ల మేకపిల్లల గురించి మాట్లాడుకుందాం. ఉంట మరి, నమస్తే.