ఫ్యాను డైరెక్ట్ చేసే ముందు

 

ఐటీఐ చదివినవాళ్లకు దేశమంతటా స్నాతకోత్సవం జరపడం 2022 సెప్టెంబరులోనే మొదలైంది. ఆలస్యంగా దక్కిన గౌరవం ఇది. పెద్ద పెద్ద మాటలతో దీన్ని వృథా చేయను. పిల్లలూ, మన ఎలక్ట్రీషియన్ పని గురించే మాట్లాడతాను, అందులోనూ ఒక్క వస్తువు గురించి. కారు రేడియేటర్ ఫ్యాను.

నవ్వకండి. హైవే మీద ఎనభైలో పోతున్న కారుకు ఎదురుగాలే చాలు, ఫ్యానుతో పనిలేదు. అదే కారు మే నెల మధ్యాహ్నం విజయవాడ బెంజ్ సర్కిల్‌లో ఏసీ వేసుకుని ఆగిందనుకోండి, రేడియేటర్‌లోకి గాలి లాగేది ఆ ఫ్యాను ఒక్కటే.

అంబాసిడర్‌కు ఈ గొడవ లేదు. ఇంజిన్ నిలువుగా ఉండేది, ఫ్యానును బెల్టు తిప్పేది. ఇంజిన్‌ను అడ్డంగా పెట్టడం మొదలయ్యాక బెల్టు ఫ్యాను రేడియేటర్‌కు ఎదురు రాకుండా పోయింది. 1959లో వచ్చిన బ్రిటిష్ మినీ అయితే ఏకంగా రేడియేటర్‌నే చక్రం పక్కకు జరిపేసింది. తర్వాతివాళ్లు రేడియేటర్‌ను ముందే ఉంచి ఫ్యానుకు కరెంటు మోటారు తగిలించారు. అప్పటి నుంచి అది ఎప్పుడు తిరగాలి, ఎంత జోరుగా తిరగాలి అన్నది ఎలక్ట్రీషియన్ లెక్క అయింది.

ఆ లెక్కలో నాకు భలే ఇష్టమైన సంగతి ఒకటుంది. ఫ్యాను వేగం సగానికి తగ్గిస్తే గాలీ సగమవుతుంది. కానీ ఆ గాలిని నెట్టడానికి కావలసిన శక్తి సగం కాదు, ఎనిమిదో వంతే. చాలాసార్లు ఇంజిన్‌కు ఆ సగం గాలే సరిపోతుంది. కంపెనీని బట్టి మారుతుంది గానీ, సుమారుగా 95 డిగ్రీల దగ్గర లో స్పీడు, వంద దాటాక హై. ఏసీ వేస్తే చాలా కార్లలో ఇంజిన్ వేడితో నిమిత్తం లేకుండా లో మొదలవుతుంది, గ్యాస్ ప్రెషర్ బాగా పెరిగితే హైకి మారుతుంది. అంటే రోజువారీ చాకిరీ అంతా లో స్పీడుదే. హై ఆపద్ధర్మం.

ఒకే ఫ్యాను ఉన్న బండిలో లో స్పీడుకు మధ్యలో ఒక రెసిస్టర్ పెడతారు. అది బాగా వేడెక్కుతుంది, అందుకే ఫ్యాను చట్రంలోనే గాలి తగిలేచోట బిగిస్తారు. అది కాలిపోతే లో పోతుంది, హై మాత్రం నిక్షేపంగా ఉంటుంది. కస్టమర్ వచ్చి, "ట్రాఫిక్‌లో ఏసీ చల్లబడట్లేదు, ఉన్నట్టుండి ఫ్యాను విమానంలా మోగుతోంది" అంటాడు. పాపం, అప్పటికే ఎక్కడో ఏసీ గ్యాస్ నింపించుకుని డబ్బు తగలేసి ఉంటాడు.

రెండు ఫ్యాన్ల బండిలో మూడు రిలేలతో చేసే పద్ధతి ఇంకా అందంగా ఉంటుంది. లోలో మొదటి ఫ్యాను మైనస్, మార్పిడి రిలే 30వ పిన్ను నుంచి 87ఎ మీదుగా రెండో ఫ్యానులోకి వెళ్తుంది. రెండూ సిరీస్‌లో పడి తలా ఆరు వోల్టులు పంచుకుంటాయి. రెసిస్టర్‌లో తగలబెట్టేది ఏమీ లేదు. హై అడగ్గానే ఆ రిలే 87కు మారి మొదటి ఫ్యానును ఎర్త్ చేస్తుంది, ఇంకో రిలే రెండో ఫ్యానుకు నేరుగా పన్నెండు వోల్టులు ఇస్తుంది. ఇది తలకెక్కితే సగం రిపేరు బానెట్ ఎత్తకముందే అయిపోతుంది. లోలో రెండూ చచ్చి, హైలో ఒక్కటే తిరిగిందా? ముందు తిరగని మోటారునే అనుమానించండి. సిరీస్‌లో ఒకటి తెగితే రెండోదానికీ దారి లేదు కదా.

ఇక మన షాపుల్లో రోజూ వినపడే మాట, "డైరెక్ట్ చేసెయ్." రెసిస్టర్, రిలే పక్కన పడేసి, ఇగ్నిషన్ వైరు నుంచి ఫ్యానుకు కలిపేయడం. రిలే కాయిల్ తీసుకునేది ఒక ఆంపియరులో ఆరో వంతు. ఫ్యాను ఇరవై ఆంపియర్లు లాగొచ్చు, స్టార్టింగ్‌లో దానికి రెండు మూడింతలు. ఆ బరువు సన్నటి ఇగ్నిషన్ వైరు మీద, స్విచ్చి మీద పెడితే ఏదో ఒక రోజు డాష్‌బోర్డు లోపల నుంచి పొగ వస్తుంది. ఆలోగా కీ ఆన్‌లో ఉన్నంతసేపూ తిరిగి తిరిగి మోటారు బ్రష్‌లు అరిగిపోతాయి.

మీటర్ పెట్టడం నేర్చుకున్నారు, దాన్ని ఎర్త్ వైపు కూడా పెట్టండి. ఫ్యాను తిరుగుతుండగా ఒక ముల్లు బ్యాటరీ మైనస్ మీద, రెండోది మోటారు ఎర్త్ వైరు మీద. అర వోల్టు చూపిస్తే మోటారు మార్చాల్సిన పని లేకపోవచ్చు. బోల్టు విప్పి తుప్పు గీకి, మళ్లీ చూడండి. కొత్త ఫ్యాను బిగించాక గ్రిల్ ముందు కాగితం పెట్టండి, అది లోపలికి అంటుకోవాలి. ప్లస్, మైనస్ తారుమారైతే మోటారు హాయిగా తిరుగుతుంది, గాలి మాత్రం ఎదురు కొడుతుంది. కీ తీసేశాం కదా అని రెక్కల్లో చెయ్యి పెట్టకండి. కొన్ని బండ్లలో కీ తీశాక కూడా ఫ్యాను దానంతటదే లేస్తుంది. కనెక్టర్ పీకాకే చెయ్యి.

కొత్త బండ్లలో ఈ రెండు స్పీడుల పద్ధతి పోయి, కంప్యూటర్ చెప్పిన ఏ వేగంతోనైనా తిరిగే ఫ్యాన్లు వస్తున్నాయి. రానివ్వండి. పాతవి ఇంకా చాలా ఏళ్లు మీ షాపుకే వస్తాయి.

రేపో ఎల్లుండో ఒకాయన వచ్చి "తమ్ముడూ, రెసిస్టర్ గిసిస్టర్ వద్దు, డైరెక్ట్ చేసెయ్" అంటాడు. వాదన పెట్టుకోకండి. బానెట్ ఎత్తి, కాలిన రెసిస్టర్ ఊడదీసి ఆయన చేతిలో పెట్టండి. "అన్నా, ఇది వేస్తే ట్రాఫిక్‌లో ఏసీ చల్లగా ఉంటుంది. డైరెక్ట్ చేస్తే ఇప్పుడు చవకే, తర్వాత మోటారుకు, ఇగ్నిషన్ స్విచ్చికి నా దగ్గరికే రావాలి" అని చెప్పి, రెండింటి ధరా ఒకే కాగితం మీద రాసివ్వండి.