టీవీయే కంప్యూటరు తెర

పిల్లల చదువుకు కంప్యూటరు కావాలంటే లాప్‌టాపంత ఖరీదు పెట్టనక్కరలేదు. ఇంట్లో టీవీకి వెనక హెచ్‌.డి.ఎం.ఐ. గుంట ఉంటే అదే తెర! 2020లో వచ్చిన రాస్‌బెర్రీ పై 400 చూడ్డానికి ఉత్త కీబోర్డే. కంప్యూటరంతా దాని కడుపులో ఉంది. పగలు పాఠాలు, రాత్రి యూట్యూబులో పాత సినిమా.

మామూలు టీవీ వైరు తెచ్చి నేను తెల్లబోయాను. ఒక కొస సన్నటి మైక్రో హెచ్‌.డి.ఎం.ఐ. అయి ఉండాలి. పాత ఫోను ఛార్జరు వద్దు. 5 వోల్టులు, 3 ఆంపియర్లది కావాలి. పనయ్యాక టప్పున స్విచ్చి తీసెయ్యకండి, మెమరీ కార్డు పాడై రాసుకున్నవి పోవచ్చు. బొమ్మ రాకపోతే రిమోటులో ‘సోర్స్’ నొక్కండి.

అసలు చిక్కు వేరే. తెర ఒకటే కదా! మా అత్తగారి సీరియల్ వేళకే అబ్బాయికి లెక్కలు గుర్తొచ్చేవి. రెండు రోజులు ఇద్దరూ మూతులు ముడుచుకున్నారు. చివరికి ఎనిమిదింటిదాకా వాడిది, తర్వాత ఆవిడది అనుకున్నాం. పరీక్షలప్పుడు మాత్రం ఆవిడే రిమోటు దాచేస్తున్నారు.