పనిచోట మూగజీవములు

మహాభారతమున ఆదిపర్వమునందు ఒక కుక్కపిల్ల కథ గలదు. జనమేజయ మహారాజు యజ్ఞము చేయుచుండగా, దేవలోకపు కుక్కయగు సరమ యొక్క కుమారుడు ఆ యజ్ఞశాలకు వచ్చెను. రాజు తమ్ములు వానిని కొట్టి తరిమిరి. వాడు హవిస్సును ముట్టలేదు, దానివంక చూడనైన లేదు. తల్లి వచ్చి, తప్పు చేయని బిడ్డను ఏల కొట్టిరని నిలదీయగా వారియొద్ద సమాధానము లేకపోయెను.

యజ్ఞశాలయు ఒక పనిచోటే. అచట కాపాడవలసినది హవిస్సు. దానిని జంతువు ముట్టరాదను కట్టుబాటు న్యాయమైనదే. కాని ముట్టని జీవిని దండించుట న్యాయము కాదు. ఏది కూడదో, ఏది కూడునో ముందుగా తెలిపి, దానిని అందరును పాటించుటయే నియమము. మన మిల్లులకు, దుకాణములకు, కార్యాలయములకు అట్టి నియమము ఒకటి కావలెనని నా మనవి.

పనిచోట జంతువు ఉండవచ్చునా అని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో క్రొత్తగా చర్చింప నక్కరలేదు. అది అచట ఎప్పటినుండియో ఉన్నది. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిన పిమ్మట మిర్యాలగూడ ప్రాంతమున వరి విస్తరించినది. వరి వెంట బియ్యపు మిల్లులు వెలసినవి. ధాన్యమున్నచోటికి ఎలుక, ఎలుక ఉన్నచోటికి పిల్లి చేరుట సహజము. సూర్యాపేట వ్యవసాయ మార్కెట్టున ధాన్యపు రాశులున్నచోటను ఇదే వరుస. కోదాడ హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారిపై నున్న పట్టణము. లారీలు ఆగుచోట హోటలు, హోటలు వెనుక మిగిలిన మెతుకులకై కాచుకొను కుక్కలు ఉండక మానవు. రాత్రివేళ కావలివాని ప్రక్కన పండుకొను కుక్కకు హాజరుపట్టీలో పేరు లేదు, జీతము లేదు. పని మాత్రము ఉన్నది.

ఇక చిక్కు ఎచట వచ్చుచున్నది? ఇట్టి జంతువునకు పదిమంది అన్నము పెట్టుదురు. టీకా వేయించువారు ఒక్కరును ఉండరు. అది అరచి దొంగను తరిమిననాడు మా కుక్క అందురు. ఒకరిని కరచిననాడు మాది కాదందురు. రేబీసు వ్యాధి లక్షణములు కనబడిన పిమ్మట మనిషి బ్రతుకుట దాదాపు అసాధ్యము. సకాలమున టీకా పొందినచో దాని నివారణ దాదాపు నిశ్చయము. కావున బాధ్యత లేని దయ వలన మనిషికిని ముప్పు, జంతువునకును ముప్పు.

ఇతరులు దీనిని ఎట్లు పరిష్కరించిరో చూతము. 1868లో లండను నగరపు మనియార్డరు కార్యాలయమున ఎలుకల బాధ మిక్కుటమై, మూడు పిల్లులను పెట్టుకొనుటకు అనుమతి కోరిరి. వాని తిండికి వారమునకు రెండు షిల్లింగులు అడుగగా, పైఅధికారులు ఒక్క షిల్లింగు మంజూరు చేసి, ఆరు నెలలు పరీక్షాకాలమని విధించిరి. పిల్లికి బిచ్చము పెట్టనివారని మనము నవ్వవచ్చును. కాని ఆ పిల్లులు ఎవరివి, వాని తిండి ఎవరి లెక్కలోనిది అను రెండు సంగతులు ఆనాడే కాగితముపైకి ఎక్కినవి. మన దేశమున, ముంబయిలోని టాటా సంస్థల ప్రధాన కార్యాలయమగు బాంబే హౌసును 2018లో బాగుచేసినప్పుడు, అచట చేరియుండు వీధికుక్కల కొరకు ఒక ప్రత్యేక స్థలము ఏర్పరచిరి.

మన చట్టములును కొంత దారి చూపుచున్నవి. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము జంతువును అనవసరముగా బాధించుట నేరము. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమములు వీధికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్సను, రేబీసు టీకాను నిర్దేశించినవి. మరియొక ప్రక్క ఆహారభద్రతా నిబంధనలు ఆహారము తయారగు స్థలములోనికి జంతువులను రానీయరాదని చెప్పుచున్నవి. 2025 నవంబరు 7న సర్వోన్నత న్యాయస్థానము విద్యాలయములు, ఆసుపత్రులు, క్రీడాప్రాంగణములు, బస్సుస్టాండులు, రైల్వేస్టేషనుల ఆవరణల నుండి వీధికుక్కలను తరలింపవలెనని ఆదేశించెను. అట్టిచోట్ల పనిచేయువారు సొంత ఏర్పాట్లు చేసికొనక పురపాలక సంఘమును సంప్రదించుట మేలు. దుకాణము, కార్యాలయము, మిల్లు ఆవరణ వంటి చోట్లకు మాత్రము యజమానియు, పనివారును కలసి ఈ క్రింది విధముగా నియమములు వ్రాసికొనవచ్చును.

మొదటిది, పేరు. ప్రతి జంతువునకు బాధ్యుడగు ఒక మనిషి ఉండవలెను. తిండికి, వైద్యమునకు అగు ఖర్చు సంస్థ లెక్కలో చేరవలెను. మిల్లు ఆగిన దినములలోను, పండుగ సెలవులలోను ఎవరు చూచెదరో ముందే వ్రాయవలెను.

రెండవది, టీకా. కుక్కపిల్లకు మూడవ నెలలో రేబీసు టీకా వేయించి, ఆపైన పశువైద్యుడు చెప్పినట్లు ఏటేట మరల వేయింపవలెను. ఆ చీటీ కార్యాలయమున ఉండవలెను.

మూడవది, హద్దు. బియ్యము పట్టు గదికి, బస్తాలు నింపుచోటికి, వంటగదికి జంతువు రారాదు. అది ఆహారశుద్ధికే గాక దాని ప్రాణమునకును మంచిది. తిరుగుచున్న బెల్టుల నడుమ పిల్లికి క్షేమము లేదు. తిండి పెట్టుచోటు వాకిటికి, నడకదారికి దూరముగా ఉండవలెను.

నాలుగవది, భయపడువారి మాట. కుక్కయన్న జంకువారును, పిల్లి బొచ్చు వలన ఆయాసపడువారును మనలో కలరు. తలపై బస్తా మోయు హమాలీ కాలిక్రింద పండుకొన్న కుక్కను చూడలేడు. అట్టివాడు అభ్యంతరము చెప్పినచో వానిని పిరికియని పరిహసింపక, ముందుగా వాని మాటయే వినవలెను. జంతుప్రియుల సౌఖ్యము కంటె కూలివాని క్షేమము ముఖ్యము.

అయిదవది, విషము. ఎలుకలకు విషము పెట్టి, ఆ ఆవరణలోనే పిల్లిని పెంచరాదు. విషము తినిన ఎలుకను తిన్న పిల్లికిని ప్రాణాపాయము కలుగవచ్చును. ఎలుక మీది కోపమున ఇంటికి నిప్పు పెట్టుకొన్నట్లగును. బోను, గట్టి తలుపు, కన్నములు పూడ్చుట మేలు.

ఆరవది, కాటు. కరచిన వెంటనే గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిముషములు కడుగవలెను. కారము, సున్నము, పసుపు పూయరాదు. ఆ దినముననే ఆసుపత్రికి పోయి టీకా మొదలుపెట్టి, చెప్పిన తేదీలన్నిటను వేయించుకొనవలెను. ఆ దినముల కూలి కోతపెట్టకుండుట యజమాని ధర్మము. కూలి పోవునను భయమున టీకా మానినవాడు ప్రాణమునే పోగొట్టుకొనవచ్చును.

ఈ ఆరింటికిని పెద్ద పెట్టుబడి అక్కరలేదు. ఒక సాయంకాలము పనివారందరును కూర్చుండి మాటలాడుకొన్న చాలును. జంతువులు వద్దని అందరును తీర్మానించినచో, అదియు నియమమే. అప్పుడు మెతుకులు పారవేయుట మాని, కుక్కలను కొట్టక పురపాలక సంఘమునకు తెలుపవలెను. ఉంచుకొందమని తీర్మానించినచో దాని భారమును ఒప్పుకొనవలెను. వచ్చు పంట ధాన్యము మిల్లులకు చేరకముందే ఈ నిర్ణయము జరుగుట మంచిది. పని ముమ్మరమైన పిమ్మట ఎవరికిని తీరిక చిక్కదు.